మధురవాణి కంటె



ఈ ఏటి స్మారకోపన్యాసానికి ‘నాటకంలో ప్రతీకలు’ అన్న విషయం ఇచ్చారు. కవిత్వంలో ప్రతీక మాటగా ఉంటే చాలు. రంగస్థలం మీద అది ముందు వస్తువు కావాలి. నటుడి చేతికి అందాలి, వెనక వరసలో కూర్చున్నవాడి కంటికి ఆనాలి. గురజాడకు ఈ కిటుకు బాగా తెలుసు. ఆయన ‘కన్యాశుల్కం’ నాటకాన్ని 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అది అచ్చయింది. తర్వాత ఆయనే తిరగరాసి, పెంచి, 1909లో మళ్లీ అచ్చు వేశారు. నేను మాట్లాడేది ఆ ఏడంకాల ప్రతి గురించి. అందులో ఇంగ్లీషు దంచే గిరీశం చుట్ట జోలికి పోను. దాని పొగ ఇప్పటికే చాలా వ్యాసాల్లో కమ్ముకుంది.

కంటె సంగతి చూడండి. ముసలి లుబ్ధావధాన్లు పెళ్లిలో పిల్ల మెడలో వెయ్యడానికి, ఆ పెళ్లి కుదిర్చిన రామప్పంతులు తన దగ్గరున్న వేశ్య మధురవాణి కంటె ఎరువు తెస్తాడు. ఆ పిల్ల పిల్లే కాదు, కరటకశాస్త్రి శిష్యుడు మహేశం. పెళ్లయ్యాక ‘పెళ్లికూతురు’ మాయం, కంటె కూడా మాయం. ఇక్కడ గురజాడ దెబ్బ తగలాల్సిన చోటే తగులుతుంది. కొత్త పెళ్లికూతురు కనపడకపోతే పంతులుకి బెంగ పిల్ల గురించి కాదు, కంటె గురించి. అది తేకపోతే మధురవాణి ఊరుకోదు మరి. పుట్టని పిల్లను చంపాడని అవధాన్లు నెత్తిన కేసు పడుతుంది. నిజంగా ఉన్న నగ కోసం పంతులు గుమ్మాలు పట్టుకు తిరుగుతాడు. అంతకుముందు అదే అవధాన్లుకి చిన్నపిల్ల సుబ్బిని 1800 రూపాయలకు బేరం పెట్టిన లోకంలో ఆడపిల్లకీ నగకీ తేడా ఎంతో చెప్పడానికి వేరే ఉపన్యాసం అక్కర్లేకపోయింది. నవ్వుతూనే ఉంటాం, మనకు తెలియకుండానే లెక్క కట్టేస్తాం.

రెండోది వేషం. కరటకశాస్త్రి నాటకాల్లో విదూషకుడు, శిష్యుడికి ఆడవేషం అలవాటే. అంటే సుబ్బి పెళ్లి తప్పించడానికి పనికొచ్చింది శాస్త్రమూ కాదు, చట్టమూ కాదు, నాటకాలవాళ్ల విద్య. చివరంకంలో ఇది తిరగబడుతుంది. వేశ్య మొహం చూడనన్న వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి మగవేషంలో వెళుతుంది. మగవాడు ఆడదై పెట్టించిన కేసును ఆడది మగవాడై విప్పుతుంది. ఈ జంట అనుకోకుండా కుదిరిందంటే నేను నమ్మను. పైగా ఆ ఇద్దరూ సమయం రాగానే వేషం తీసేస్తారు. గిరీశం ఏ వేషమూ కట్టడు, కాబట్టి తీసేదీ లేదు. అతని సంస్కర్త వేషం ఇంకొకరు ఊడబెరకాల్సిందే. ఆ పని కూడా మధురవాణే చేస్తుంది.

సౌజన్యారావు ఆమెకిచ్చే భగవద్గీత గురించి విమర్శకులు చాలా రాశారు. నా మటుకు నాకు అది కంటె ముందు తేలిపోతుంది. గీత ఒక్క దృశ్యంలో చేతికొస్తుంది. కంటె అంకాల పొడుగునా మనుషుల్ని పరిగెత్తిస్తుంది.

నాటకం మొత్తం ఒక రాత్రిలో ఆడడం కష్టం, కత్తెర తప్పదు. నాటక సమాజాలవారికి నా మనవి ఒక్కటే: గిరీశం ఇంగ్లీషు కాస్త తగ్గించినా కొంప మునగదు, కంటె గొడవ మాత్రం కొయ్యకండి.