తోలుపడవయు, సూదియు



గ్రీన్‌లాండు తీరమున ఇన్యూట్ జాతివారు సీలు వేటకు కల్పించుకొన్న ఇఱుకైన పడవ కయాకు. చెట్లు అరుదైన ఆ తీరమునకు సముద్రము కొట్టుకొని తెచ్చిన కొయ్యతో పురుషులు చట్రము కట్టెడివారు. దానిపై సీలుతోలు తొడుగు కుట్టుట స్త్రీల పని. చట్రము ఏండ్ల తరబడి నిలుచును గాని తోలు నానినాని చివుకును. కనుక తొడుగును మార్చుచుండవలెను. తడితోళ్లను చట్రముపై బిగలాగి, అవి ఆఱి గట్టిపడకమునుపే పని ముగింపవలెను గావున పలువురు స్త్రీలు కలిసి కూర్చుండి కుట్టెడివారు.

ఆ కుట్టులోని నేర్పు గమనింపదగినది. సూది తోలుమందమున కొంతవఱకే దిగి, ఆవలివైపు పొడుచుకొని రాకుండ మరల పైకి వచ్చును. రంధ్రమే లేనిచోట నీటికి త్రోవ యేది? దారము జంతువుల స్నాయువు. తడిసి ఉబ్బి కుట్టును మఱింత బిగించును. మన తీరమున మసూలా పడవల పలకలను కూడ మేకులు లేక కొబ్బరినార త్రాటితోనే కుట్టెడివారు. అయితే ఆ కుట్టు అలల తాకిడికి పడవ విరుగక వంగుటకు. ఊరిన నీటిని తోడిపోయుటకు అందు మనుష్యులు వేఱుగ నుండెడివారు. కయాకులో నున్నవాడు ఒక్కడే.

ఆ ఒక్కనికి ‘తుయిలిక్’ అను తోలుచొక్కాను కూడ ఇంటనే కుట్టెడివారు. దాని క్రిందియంచు పడవనడుమ మనిషి కూర్చుండు గుండ్రని నోటిచుట్టు బిగియును. ముఖముచుట్టును, మణికట్టులచుట్టును త్రాళ్లు బిగింతురు. పడవ బోర్లపడినను వేటకాడు తెడ్డు ఊతముతో మరల నిటారుగ లేచును. ఇల్లాలి కుట్టు ఒక్కటి వదలినచో ఆ మంచునీట అతని ప్రాణము దక్కుట కష్టము.

నేర్పు మాత్రమున్నను సముద్రము అందఱిని వదలలేదు. గ్రీన్‌లాండువారియొద్దనే ఈ విద్య నేర్చిన 25 ఏండ్ల ఆంగ్లయువకుడు గినో వాట్కిన్స్ 1932 ఆగస్టులో ఒంటరిగ వేటకు వెడలి మరల రాలేదు. ఖాళీ కయాకు మాత్రము దొరికెను.

నేడు తోలునకు బదులు కాన్వాసు, నైలాను వచ్చినవి. ఫైబరు పడవలు గలవారిలోను కొందఱు చినిగిన నోటితొడుగునకు మాఱుగ ఇంటనే క్రొత్తది కుట్టుకొనుచున్నారు. పడవనోటిపై కాగితము పఱచి అంచు గుర్తింతురు. అంతకన్న కొన్ని అంగుళములు పెద్దదిగ గుడ్డ కత్తిరించి, అంచుమడతలో సాగెడి రబ్బరుత్రాడు దూర్తురు. కుట్లపై జిగురు పూయుదురు. ఇదంతయు సులభమే. నీరు రాకుండుటయందే దృష్టి నిలిపినవాడు మఱచునది మఱొకటి కలదు: తొడుగు ముందంచున, చేతికందునట్లు, పట్టి లాగుటకు ఒక ఉచ్చు. అది లేకున్నను, ఉండియు తొడుగు క్రిందికి మడిగిపోయినను, బోర్లపడినవాడు లోపలనే చిక్కుకొనవచ్చును. అందుచే తెలిసినవారు క్రొత్త తొడుగును మొదట మొలలోతు నీటిలో, ప్రక్కన ఒక తోడు నిలిచియుండగా, తలక్రిందులై విప్పి చూచుకొందురు.