పురిటి సెలవు పొడిగింపు – యజమాని బాధ్యత
(నాగేపల్లిలో మన సంఘ సమావేశమున చేసిన ఉపన్యాసము)



మేము మెట్రిక్కు దాటి చదువలేదు. మాకు తెలిసినది తూకమును, ఖాతాయును మాత్రమే. అయినను నేడు ఒక చట్టమును గూర్చి మాటాడవలసి వచ్చినది. ఏలయన ఆ విషయమున తప్పు మేమే చేసితిమి.

మా దుకాణమున లెక్కలు వ్రాయు అమ్మాయి తొలి కాన్పునకు గోదావరి ఆవలనున్న పుట్టింటికి వెళ్లినది. తాతల నాటినుండి మన ఇండ్లలో ఉన్న ఆచారమే గదా. నెలలు నిండకయే కాన్పు వచ్చినది. సెలవు ముగియుటకు పది దినములుండగా ఆమె తండ్రి వచ్చి, “సావుకారీ, పిల్ల ఇంకను కోలుకొనలేదు. ఇంకొక నెల గడువిప్పించండి” అని అడిగెను. తునికాకు డబ్బు ఊరిలోనికి వచ్చు కాలమది. బేరము ముమ్మరముగా నున్నది. “రాలేనిచో మరియొకరిని పెట్టుకొందుము” అంటిమి. ఆయన తెచ్చిన డాక్టరు కాగితమును విప్పియైనను చూడలేదు. ఆయన కాగితము మడిచి జేబులో పెట్టుకొని బస్సు స్టాండు వైపు నడిచెను.

ఆ రాత్రి అన్నము వడ్డించుచు మా ఇల్లాలు, “మీ చెల్లెలి పురుటికి ఆమెను మనమెన్ని నెలలుంచుకొంటిమి?” అని అడిగినది. మేము జవాబు చెప్పలేకపోతిమి.

మరునాడు తెలిసిన వకీలు నడిగితిమి. ఆయన చెప్పినది మీరును వినదగినది. ఫ్యాక్టరీలలోని స్త్రీలకై బొంబాయి ప్రెసిడెన్సీలో 1929లోనే ఇట్టి చట్టము వచ్చినది. దేశమంతటికి 1961లో వచ్చినది. పదిమంది, అంతకు మించి పనివారున్న దుకాణములకు 1988 సవరణతో వర్తించినది. 2017లో సెలవు 12 వారములనుండి 26 వారములకు పెరిగినది. ఇద్దరు బిడ్డలున్న తల్లికి మాత్రము 12 వారములే. 2025 నవంబరు 21 నుండి 2020 నాటి సామాజిక భద్రతా కోడు అమలులోనికి వచ్చినది. ఈ నియమములు అందును ఉన్నవి.

ఇక పొడిగింపు మాట. గర్భము, కాన్పు, నెలలు నిండని ప్రసవము, గర్భస్రావము, వీనివలన జబ్బు కలిగినదని రుజువు చూపినచో, మరియొక నెల వరకు జీతముతో సెలవు ఈయవలసినదే. అది దయ కాదు, ఆమె హక్కు. ఆ సెలవులో నుండగా ఆమెను తొలగించుటయు, ఆమెకు నష్టముగా పని షరతులు మార్చుటయు చెల్లదు. దినకూలి స్త్రీలకును ఈ సౌకర్యము కలదని సుప్రీము కోర్టు 2000లో ఢిల్లీ నగరపాలిక కేసున తీర్పు చెప్పినది. ఆ నెల దాటిన పిమ్మట ఇంకను గడువు కావలెనన్న, అది ఉభయులు కూర్చుండి ఒప్పుకొనవలసిన సంగతి.

మా దుకాణమున ఉన్నది ఆరుగురే. “చట్టము మిమ్ము పట్టదు” అని వకీలు నవ్వెను. మాకు నవ్వు రాలేదు. పది మందిలో ఒకతెకు రక్తము తక్కువైనచో జబ్బు, ఆరుగురిలో ఒకతెకు తక్కువైనచో సోమరితనమా?

ఆ సాయంకాలమే ఆమె తండ్రికి ఫోను చేసి, తొందరపడి అన్న మాటకు క్షమింపుమంటిమి. నెల జీతముతో ఇచ్చితిమి. తరువాత మరి పదునైదు దినములడిగిరి; జీతము లేకుండ, పని మాత్రము నిలుపుదుమని కాగితము వ్రాసి యిచ్చితిమి. మాకు నష్టము లేదనుట అబద్ధము. తాత్కాలికముగా పెట్టుకొన్న కుర్రవాని జీతము, ఈమె జీతము, రెండును ఒకే గల్లాపెట్టె నుండి పోయినవి. ఇ.ఎస్.ఐ. ఉన్నచోట ఆ సంస్థ చెల్లించును. తక్కినచోట్ల భారమంతయు యజమానిదే. అందుచేతనే కొందరు పెండ్లియైన ఆడపిల్లను పనిలో పెట్టుకొనుటకే జంకుచున్నారు. ఈ భారమున ప్రభుత్వము కొంత పంచుకొనవలెనని మన సంఘము అర్జీ పెట్టుట మంచిదని మా అభిప్రాయము.

మన ఆడపిల్లల కొకమాట. మీలో అనేకులు నది దాటి పుట్టింట పురుడు పోసుకొందురు. అక్కడి డాక్టరు కాగితము ఇక్కడ పనికిరాదని ఎవరైన అన్నచో వెనుదిరిగి పోకుడు. డాక్టరు సంతకము, ముద్ర, రిజిస్టరు సంఖ్య స్పష్టముగా నుండునట్లు చూచుకొనుడు. సెలవు ముగియక మునుపే మరాఠీలో అర్జీ వ్రాసి, రెండవ ప్రతిపై అందినట్లు సంతకము తీసుకొనుడు. మరాఠీ వ్రాయుట రానివారు ఆదివారము ఉదయము మా దుకాణమునకు రావచ్చును. ఆ అమ్మాయి వ్రాసిపెట్టును. ఆమె ఇప్పుడు పనిలోనే యున్నది.