బండి ఆయిల్ కొనేముందు డబ్బా చదవండి
(ఇచ్ఛాపురం రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీడి పిక్కల ధర గురించి మాట్లాడాల్సిన చోట బండి ఆయిల్ గొడవ ఏమిటని అనుకోకండి. 80 కిలోల బస్తాకు 16 వేలు ఇవ్వాలని అడుగుతూనే ఉన్నాం. ఆ పోరాటం ఆగదు. కానీ బస్తా మీద మిగిలిన నాలుగు డబ్బులు మెకానిక్ షెడ్డులో ధారపోస్తే ఇంటికి ఏం తీసుకెళ్తాం?

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. ఆ తర్వాత కిరాయికైనా పనికొస్తుందని నేను లోన్ మీద బీఎస్-6 పికప్ తీసుకున్నాను. పాత బండికి పోసినట్టే దానికీ చౌకగా దొరికిన ఆయిల్ పోయించాను. కొన్నాళ్ళకు మీటర్‌లో లైటు వెలిగింది, బండి లాగడం మానేసింది. సైలెన్సర్ దారిలో ఉండే ఫిల్టర్ పూడిపోయిందన్నారు. సరిగ్గా పిక్కల సీజన్‌లో పది రోజులు బండి షెడ్డులోనే ఉంది. కిస్తీ మాత్రం ఆగలేదు. డబ్బా మీద ఏముందో చదవకపోవడం నా తప్పే.

చదవాల్సినవి రెండే. మొదటిది చిక్కదనం. 15డబ్ల్యూ-40 అని ఉంటే, ముందు అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. వెనక అంకె ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. కంపెనీ 30 పొయ్యమన్న ఇంజిన్‌కు, మన ఎండలకు ఇదే మంచిదని 40 పొయ్యడం సొంత వైద్యమే.

రెండోది గ్రేడు. ఏపీఐ అన్నచోట ‘ఎస్’తో మొదలైతే పెట్రోలు బండికి, ‘సీ’తో మొదలైతే డీజిల్ బండికి. పాత బండ్లకు సీఐ-4 సరిపోయేది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో చాలావాటికి మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంది. మసిని బండి తానే కాల్చుకుంటుంది. ఆయిల్ మండగా మిగిలే బూడిద మాత్రం కాలదు, ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. అందుకే వీటికి బూడిద తక్కువ ఉండే సీకే-4, ఏసీఈఏ సీ3 లాంటి ఆయిళ్ళు కావాలి. వాటిలో మీ బండికి ఏదో బండితో ఇచ్చిన పుస్తకం చెప్పాలి, కొట్టువాడు కాదు.

తోట నుంచి పలాసకు, ఊరి నుంచి టెక్కలికి మనవన్నీ చిన్న ట్రిప్పులే. ఫిల్టర్ మసి కాల్చుకుంటుండగా మాటిమాటికీ బండి ఆపేస్తే డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. కాబట్టి స్టిక్ మీద ఆయిల్ తగ్గినా ప్రమాదమే, పెరిగినా ప్రమాదమే. వారానికోసారి చదును నేల మీద నిలిపి చూడండి. నల్లబడినంత మాత్రాన చెడినట్టు కాదు, మసిని తనలో పట్టుకోవడం ఆయిల్ పనే. దుమ్ములో, బరువుతో తిరిగే బండికి మాత్రం పుస్తకంలో చెప్పిన తక్కువ గడువుకే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చండి.

నకిలీ సరుకు పాత డబ్బాల్లోనూ వస్తుంది. సీలు చూడండి, బిల్లు అడగండి. బిల్లు లేకపోతే రేపు వారంటీ అడగలేం. ఖాళీ డబ్బాకు చిల్లు పొడిచి పారేయండి. తీసిన ఆయిల్‌ను తోటలో పొయ్యకండి. మనది ఇసుక నేల, పోసింది బావిలోకే దిగుతుంది. కిడ్నీ జబ్బుతో ఇప్పటికే నీళ్ళంటే భయపడే ఉద్దానం మనది. పాత ఆయిల్ తీసుకునే అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వండి.

చివరి మాట. ఆయిల్ మీద 18 శాతం జీఎస్టీ కడుతున్నాం. వ్యాపారి కట్టిన పన్ను అతని లెక్కలో సర్దుబాటవుతుంది, రైతుకు ఆ దారి లేదు. డబ్బా మీద ఏ బండికో తెలుగులో రాయాలని, రైతు బండ్ల ఆయిల్‌పై పన్ను తగ్గించాలని మన కోర్కెల్లో చేర్చుదాం. అంతవరకు ఊరికి పదిమంది కలిసి, బిల్లుతో, ఒకేచోట కొందాం. పిక్కల ధర ఒక్కరోజులో మన చేతికి రాదు. ఇంజిన్‌ను కాపాడుకోవడం ఈ రోజే మన చేతిలో ఉంది.