'విద్యార్థి క్రీడాకారుడు' అనే పేరు వెనుక

(సంస్థ అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల గురించి చర్చించుకునే ఈ తరగతిలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి మాట్లాడతానంటే కొందరు ఆశ్చర్యపోయారు. ఆడేది మగపిల్లలు, లాభం టెలివిజన్ కంపెనీలది, మధ్యలో మనకేం పని అని అడిగారు. శ్రమను శ్రమగా గుర్తించకుండా దానికి ఇంకో పేరు పెడితే, ఆపద వచ్చినప్పుడు ఆ పేరు ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో చూపించడానికి 2020 నాటి ఫుట్‌బాల్ సీజన్ మంచి ఉదాహరణ. 'ఇంటి పని', 'సేవ', 'బాధ్యత' అన్న పేర్ల కింద తమ శ్రమ మాయం కావడం చూసిన స్త్రీలకు ఈ కథ కొత్తగా ఉండదు.

ముందు ఆ ఆట సంగతి. మనం ఫుట్‌బాల్ అనే కాలిబంతి ఆట కాదది. తలకు హెల్మెట్లు పెట్టుకుని, కోలబంతి కోసం ఒకరినొకరు బలంగా ఢీకొట్టుకునే ఆట. యూనివర్సిటీల జట్లు ఆడతాయి. కొన్ని యూనివర్సిటీలు కలిసి ఒక కాన్ఫరెన్సుగా ఏర్పడి, టీవీ హక్కుల్ని ఉమ్మడిగా అమ్ముకుంటాయి. 2020లో ఇలాంటి పెద్ద కాన్ఫరెన్సులు అయిదు: బిగ్ టెన్, పాక్-12, ఎస్ఇసి, ఎసిసి, బిగ్ 12. వీటన్నిటి పైన ఎన్‌సిఎఎ అనే సంస్థ ఉన్నా, సీజన్ ఆడాలా వద్దా అన్నది మాత్రం కాన్ఫరెన్సుల చేతిలోనే ఉండింది. ఆ ఏడాది అలబామా యూనివర్సిటీ కోచ్ నిక్ సేబన్ జీతం 90 లక్షల డాలర్లకు పైమాట. ఆటగాళ్ళకు దక్కేది స్కాలర్‌షిప్. ఈ పెద్ద జట్లలో నల్లజాతి యువకుల సంఖ్య చాలా ఎక్కువ. వాళ్ళని ఉద్యోగులనరు, 'స్టూడెంట్-అథ్లెట్' అంటారు.

ఈ పేరు చరిత్రలో ఒక స్త్రీ ఉంది. 1955లో కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ లూయిస్ కాలేజీ తరఫున ఆడుతూ ఒక యువకుడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుని కుటుంబానికి వచ్చే నష్టపరిహారం తనకూ రావాలని అతని భార్య అడిగింది. ఫుట్‌బాల్ కాలేజీ చేసే వ్యాపారం కాదు కాబట్టి పరిహారం రాదని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆటగాళ్ళను ఎక్కడ ఉద్యోగులుగా గుర్తిస్తారో అన్న భయంతోనే ఆ రోజుల్లో 'స్టూడెంట్-అథ్లెట్' అన్న మాటను ప్రచారంలో పెట్టామని, అప్పటి ఎన్‌సిఎఎ అధిపతి వాల్టర్ బయర్స్ 1995లో తన పుస్తకంలో రాశాడు. అంటే ఈ వ్యవస్థ ఖరీదు మొదట చెల్లించినవాళ్ళలో భర్తను పోగొట్టుకున్న ఒక స్త్రీ ఉంది.

ఇక 2020కి వద్దాం. కోవిడ్ వ్యాపిస్తుండగా జూలై 8న ఐవీ లీగ్ యూనివర్సిటీలు ఆ సెప్టెంబర్‌లో మొదలు కావలసిన ఆటలన్నిటినీ ఆపేశాయి. ఆగస్టు 11న బిగ్ టెన్, పాక్-12 సీజన్ వాయిదా వేశాయి. కోవిడ్ తర్వాత గుండె కండరానికి వాపు వస్తుందేమోనన్న భయం ఒక కారణం. మిగతా మూడు కాన్ఫరెన్సులు ఆడతామన్నాయి. ఆపద ఒక్కటే అయినా, ఏ కాన్ఫరెన్సులో చదువుతున్నాడన్నదాన్ని బట్టి యువకుడి ఆరోగ్యం మీద నిర్ణయం మారిపోయింది. ఆగస్టు 17న నార్త్ కరోలినా యూనివర్సిటీ తరగతుల్ని ఆన్‌లైన్‌కి మార్చింది. ఫుట్‌బాల్ జట్టు మాత్రం క్యాంపస్‌లోనే ఉండిపోయింది. విద్యార్థులకు ప్రమాదమైన చోటు, 'విద్యార్థి క్రీడాకారులకు' ఎలా క్షేమమయింది? ఇక్కడ ఆ పేరులోని మొదటి సగం ఎవరికీ గుర్తు రాలేదు.

అంతలోనే ఒత్తిడి పెరిగింది. దేశాధ్యక్షుడు ట్రంప్ బిగ్ టెన్ కమిషనర్‌తో ఫోనులో మాట్లాడాడు. ఆటగాళ్ళ తల్లిదండ్రులు కొందరు కాన్ఫరెన్సు ఆఫీసు ముందు నిరసన తెలిపారు. సెప్టెంబర్‌లో బిగ్ టెన్, పాక్-12 రెండూ మనసు మార్చుకున్నాయి. ఆ సీజన్‌లో వందకు పైగా మ్యాచ్‌లు రద్దో వాయిదానో అయ్యాయి. కాన్ఫరెన్సు ఫైనల్‌కి కనీసం ఆరు మ్యాచ్‌లు ఆడి ఉండాలన్న తన నియమాన్ని, ఒహాయో స్టేట్ అయిదే ఆడినందువల్ల, బిగ్ టెన్ డిసెంబర్‌లో సడలించింది. టీవీకి కావలసినప్పుడు నియమాలు వంగుతాయి.

మరి ఆటగాళ్ళేమన్నారు? ఆగస్టు 2న పాక్-12 ఆటగాళ్ళు 'వి ఆర్ యునైటెడ్' పేరుతో ఒక ప్రకటన ఇచ్చారు. ఆరోగ్య రక్షణ, జాతి న్యాయం, ఆదాయంలో సగం వాటా అడిగారు. వారం తిరిగేసరికి క్లెమ్సన్ ఆటగాడు ట్రెవర్ లారెన్స్ వంటివాళ్ళు 'వి వాంట్ టు ప్లే' అన్నారు. పత్రికలు ఈ రెంటినీ పరస్పర విరుద్ధ శిబిరాలుగా చూపించాయి. నేనలా అనుకోవడం లేదు. రెండో ప్రకటన కూడా ఆరోగ్య నియమాలు కావాలంది, ఆటగాళ్ళకొక సంఘం కావాలంది. ఆడతామన్నవాళ్ళూ, భద్రత లేకుండా ఆడమన్నవాళ్ళూ అడిగింది ఒకటే - మా శరీరాల గురించి నిర్ణయించే చోట మమ్మల్నీ కూర్చోబెట్టండి అని. కోవిడ్ వస్తే కోర్టుకు వెళ్ళబోమని ఆటగాళ్ళ చేత సంతకం పెట్టించరాదని ఆగస్టు 5న ఎన్‌సిఎఎ చెప్పవలసి వచ్చింది. ఆడనన్నవాళ్ళ స్కాలర్‌షిప్‌లు కొనసాగించమనీ చెప్పింది. గొంతెత్తకపోతే ఈ మాత్రం కూడా వచ్చేది కాదు.

ఇప్పుడు మనకు నేరుగా సంబంధించిన విషయం. ఫుట్‌బాల్ ఆదాయంతోనే ఆడపిల్లల ఆటలు నడుస్తున్నాయి, కాబట్టి ఆటగాళ్ళు వాటా అడిగితే మీకే నష్టం అని అక్కడి స్త్రీలకు చెబుతుంటారు. 2020 ఈ వాదన డొల్లతనాన్ని బయటపెట్టింది. జూలైలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 11 ఆటలు ఎత్తేస్తామంది. వాటిని నిలపమని, కోచ్‌లూ అధికారులూ జీతాలు తగ్గించుకోమని అడిగినవాళ్ళు ఎవరు? 'వి ఆర్ యునైటెడ్' అన్న ఆ ఫుట్‌బాల్ ఆటగాళ్ళే! ఆగస్టులో అయోవా యూనివర్సిటీ నాలుగు ఆటలు తీసేసింది. అందులో ఆడపిల్లల ఈత ఒకటి. ఫుట్‌బాల్ లేక నష్టం వస్తోందన్నది చెప్పిన కారణం. ఫుట్‌బాల్ తిరిగొచ్చింది, ఈత రాలేదు. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ నైన్ చట్టాన్ని పట్టుకుని ఆ అమ్మాయిలు కోర్టుకెక్కారు. డిసెంబర్‌లో ఆ కోతను కోర్టు నిలిపింది. 2021 ఫిబ్రవరిలో యూనివర్సిటీ ఆడపిల్లల ఈతను పునరుద్ధరించింది. తర్వాత ఆడపిల్లల కుస్తీ జట్టు కూడా వచ్చింది. స్టాన్‌ఫర్డ్ 2021 మేలో తన నిర్ణయం వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత చాలా మారింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఎన్‌సిఎఎకి వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చన్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం ప్రకారం, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీ దాదాపు 2 కోట్ల డాలర్ల వరకు ఆటగాళ్ళకు నేరుగా పంచవచ్చు. వెనకటి బకాయిల కింద దాదాపు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఆ బకాయిల్లో సింహభాగం మగవాళ్ళ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌కే పోతుందని, ఇది టైటిల్ నైన్‌కి విరుద్ధమని కొందరు క్రీడాకారిణులు అప్పీలు చేశారు. డబ్బు వచ్చింది గాని, ఉద్యోగి అన్న గుర్తింపు మాత్రం రాలేదు. గుర్తింపు లేనిచోట డబ్బు యాజమాన్యం దయగానే మిగులుతుంది. ఆ దయ పంపకంలో ఆడవాళ్ళు ఎప్పుడూ చివరి వరుసలోనే ఉంటారు.

ఇదంతా దూరదేశపు సంగతి అనుకోవద్దు. అదే 2020 ఆగస్టులో మన దేశంలో ఆశా వర్కర్లు సమ్మె చేశారు. ఇల్లిల్లూ తిరిగి కోవిడ్ వివరాలు రాసుకున్నది వాళ్ళే. ప్రభుత్వం లెక్కలో వాళ్ళు 'వాలంటీర్లు', వాళ్ళకిచ్చేది జీతం కాదు, పారితోషికం. కోట్ల మంది చూసే ఆటగాడికీ, వీధి చివర కూడా ఎవరూ గుర్తుపట్టని ఆశా వర్కర్‌కీ మధ్య ఎంతో దూరముంది. ఆ ఆటగాడికున్న ఆకర్షణ, అవకాశాలు ఈమెకు లేవు. ఆ తేడాను చెరిపేయమని నేననడం లేదు. కానీ ఇద్దరి విషయంలోనూ జరిగిన పని ఒకటే: పేరు మార్చి హక్కును తీసేయడం.

అందుకని ఏ పనిస్థలానికి వెళ్ళినా మనం మూడు ప్రశ్నలు అడగాలి. ఈ పేరు ఎవరు పెట్టారు? ప్రమాదం ఎవరు మోస్తున్నారు? నిర్ణయం తీసుకునే గదిలో ఎవరున్నారు? అంగన్‌వాడీల్లో, మధ్యాహ్న భోజనం వండే చోట, ఆస్పత్రి కాంట్రాక్టు పనుల్లో ఈ ప్రశ్నలకు వచ్చిన జవాబులను వచ్చే తరగతికి రాసి తీసుకురండి. అక్కడి నుంచి చర్చ మొదలుపెడదాం.