హైదరాబాదును నడచి చూచుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



పల్లెలనుండి చదువునకై హైదరాబాదు చేరు యువకులును యువతులును పెక్కురు కలరు. వారిలో అనేకులు రెండు మూడేండ్లు ఆ నగరమందుండియు, అద్దెగదిని, కళాశాలను, ఆ రెంటి నడుమ తిరుగు బస్సును తప్ప వేరొకటి చూడకయే తిరిగివచ్చుచున్నారు. చార్మినారు నెదుట ఒక ఫొటో తీసికొనుటతో నగరదర్శనము ముగియుచున్నది. ఇది సోమరితనము కాదు. పెద్దనగరపు కట్టడములను గూర్చి పల్లెటూరివారికేమి తెలియునను సంకోచమే దీనికి మూలము. ఆ సంకోచమునకు ఆధారము లేదు. చెరువుకట్టను, అలుగును, గండిని, డంగుసున్నమును ఎరిగిన విద్యార్థికి హైదరాబాదు కొరుకుడుపడని గ్రంథము కానేరదు.

ఒక ఆదివారము ఉదయమున పురానాపూలు వద్ద నడక మొదలిడిన విద్యార్థి నూహింపుడు. మూసీనదిపై ఆ రాతివంతెనను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో కట్టించెను. ఆయన కుమారుడు మహమ్మదు కులీ కట్టించిన చార్మినారు 1591 నాటిది. అనగా ఈ నగరమునకంటె దాని వంతెనయే పెద్దది! గోలకొండకోటలో జనము కిక్కిరిసిన కాలమున, నదికి దక్షిణపుటొడ్డున కొత్త నగరము వెలయుటకు ఆ వంతెనయే దారియైనది.

చార్మినారును గూర్చి అందరెరిగినదే గనుక ఒక్కమాట చాలును. దానిని ఒంటరి కట్టడముగా చూడరాదు. నాలుగు వీధులు కలియు కూడలిలో, వీధికొక కమాను చొప్పున తెరచి నిలిపిన కట్టడమది. ఒక్కొక్క ప్రక్క సుమారు 66 అడుగులు. అనుమానమున్నవారు అడుగులతో కొలిచి చూచుకొనవచ్చును. రాయియు సున్నమునే దానికి ఆధారము. పల్లెలోని పాతగుడికిని అవియే. ఉత్తరముగా సాగినచో గుల్జారుహౌజు, దానిచుట్టు నాలుగు కమానులు, ఆపైన రాతికమానుల క్రింద అంగళ్ళు వరుసతీరిన పత్తర్‌గట్టి వచ్చును. అది దాటినంతనే మరల మూసీనది.

ఇచ్చట, నయాపూలు మీద, విద్యార్థి ఎక్కువసేపు నిలువవలెను. దక్షిణపుటొడ్డున ఎఱ్ఱరాతి గుమ్మటములతో హైకోర్టు, దాని కెదురుగా ఉత్తరపుటొడ్డున ఉస్మానియా ఆసుపత్రి. ఇంతటి భవనములు రెండును ఏటి గట్టుననే యేల వెలసినవి? ఏటియందము చూచి కట్టినవని పలువురు తలంతురు. అసలు కారణము వేరు.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివేసెను. మరణించినవారు సుమారు 15,000 మంది యని అంచనా. అఫ్జల్‌గంజి వంతెన కొట్టుకొనిపోయెను. పురానాపూలు దెబ్బతినియు నిలిచెను. ఒడ్డుననున్న ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆసుపత్రి తోటలో ఆ చెట్టు నేటికిని కలదు. మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. నది ఎగువ ప్రాంతమున వందలకొలది చెరువులుండగా, వానిలో రెండువందలకు పైగా తెగినవని ఆయన పరిశీలనలో తేలెను. ఒక చెరువు తెగిన నీరు దిగువ చెరువుపై బడి దానిని తెంపుట ఎట్లుండునో పల్లెవారికి ఎవరును చెప్పనక్కరలేదు. నగరపువానికి ఇది పుస్తకములో చదువవలసిన సంగతి. పల్లె విద్యార్థికి చిన్ననాటినుండి తెలిసిన భయము.

ఆయన సూచనల ఫలితముగా మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. వరద ఊడ్చిన ఒడ్డులకు గట్లు కట్టి, వీధులు వెడల్పుచేసి, విన్సెంట్ ఎష్ అను ఆంగ్ల నిర్మాణశిల్పి చేత హైకోర్టు, ఆసుపత్రి భవనములకు రూపకల్పన చేయించిరి. వానికి ఆయన ఇంగ్లండు రూపము నీయక, ఈ దేశపు కమానులను, గుమ్మటములనే వాడుట మెచ్చదగినది. వల్లకాడైన ఒడ్డున వైద్యశాల లేచినదని తెలిసిన పిమ్మట ఆ గుమ్మటములు వేరుగా కనబడును.

అయినను ఆ పాఠము పూర్తిగా నిలువలేదు. 2020 జూలైలో వాననీరు ఆసుపత్రి వార్డులలో జొచ్చుటతో ఆ పాతభవనమును ఖాళీచేసిరి. 2025లో గోషామహలునందు కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. పల్లె బస్సులు చేరు మహాత్మాగాంధి బస్‌స్టేషను ఏటి నడుమనే యున్నది. 2025 సెప్టెంబరులో ఎగువ జలాశయముల తలుపులు తెరచినపుడు ఆ ప్రాంగణము నీటమునిగెను. ఆ తావునకు ఇమ్లీబన్ అని పేరు, అనగా చింతతోపు. బస్సు దిగు విద్యార్థి నదిలోనే దిగుచున్నాడని చెప్పిన అతిశయోక్తి కాదు.

అఫ్జల్‌గంజిలో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమును చూచి, కోఠీ వైపు నడచినచో ఎత్తైన స్తంభముల రెసిడెన్సీ భవనము కలదు. నిజాము ధనముతో కిర్క్‌పాట్రిక్ అను ఆంగ్ల రెసిడెంటు 19వ శతాబ్దారంభమున దానిని కట్టించెను. 1949 నుండి అది బాలికల కళాశాల, 2022లో విశ్వవిద్యాలయమయ్యెను, 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. దొరలు మెట్లెక్కిన మేడకు, భూమికై దొరల నెదిరించిన పల్లె స్త్రీ పేరు!

దాని ప్రక్కబజారు 1933 వరకు ఆంగ్లేయుల యేలుబడిలోనుండి, నిజామునకు తిరిగి చేరిన పిమ్మట సుల్తాన్ బజారయ్యెను. నిజాము ఆంక్షలు అంతగా సాగని ఆ తావుననే, 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము పుట్టెను. కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు దాని స్థాపకులలో నొకరు. తెలుగునకు రాజాదరణ లేని నగరమున తెలుగు గ్రంథములకు నీడ ఆ వీధిలోనే యేల దొరకెనో ఆ బజారు చరిత్రయే చెప్పుచున్నది. ఆ గ్రంథాలయము నేటికిని అచ్చటనే యున్నది. నడచి అలసిన విద్యార్థి లోనికిపోయి, ఒక పుస్తకమడిగి కూర్చుండవచ్చును.