తుంటి నొప్పికి కొలత, ఓర్పు
(ఉగాది సభలో మన సంఘపు స్త్రీల శాఖ తరపున చేసిన ప్రసంగపాఠము)



పండుగనాడు నొప్పుల మాట ఎందుకని కొందరికి తోచవచ్చును. కాని బీడీలు చుట్టు మన ఆడవారికి నేలపై కూర్చుండుటయే జీవనాధారము. కూలి వెయ్యి బీడీల లెక్కను వచ్చును. కూర్చుండలేని దినము కూలి లేని దినము. అందుచేత ఈ నాలుగు మాటలు చెప్పదలచితిమి.

2015 నుండి జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగా దినముగా జరుపుచున్నారు. యోగాభ్యాసము మన వాడలలోను ప్రవేశించినది. అది మంచిదే, మేమును విడువలేదు. అయితే పశ్చిమోత్తానాసనములో తల మోకాళ్ళకు తాకవలెనని దినదినము వంగి లాగుటవలన, మాలో కొందరికి పిరుదుల అడుగున నొప్పి పట్టుకొన్నది. నెలలు గడచినను పోలేదు. మెల్లగా నడచునపుడు అంతగా తెలియదు. చాట ఒడిలో పెట్టుకొని కూర్చుండగానే మొదలగును. పైకి వాపు లేదు, గాయము లేదు. కనుక ఇంటివారు "ఏమీ లేదులే" అనిరి. ఇరుగుపొరుగువారు "నరము పట్టినది, ఇంకా లాగు" అనిరి.

అది నరము కాదు. తొడ వెనుకనుండు కండరములను, కూర్చున్నపుడు పీటకు ఆను తుంటి ఎముకకు ముడివేయు త్రాడు ఒకటి గలదు. దానిని స్నాయుబంధనము అందురు. మగ్గము ఎరిగిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు. సన్నని పోగులు ప్రక్కప్రక్కన చేర్చిన పడుగు వంటిది అది. కండరమునకు అందినంత రక్తము దానికి అందదు గనుక నెమ్మదిగా కోలుకొనును. బాగా ముందుకు వంగినపుడు ఆ త్రాడు సాగుటయే కాక ఎముకకు ఒత్తుకొనును. నొప్పి ఉన్నచోట మరల మరల లాగినచో ఆ ఒత్తిడియే పెరుగును. లాగిన క్షణమున హాయిగా తోచినను, మరునాడు బాధ హెచ్చును.

మరి పూర్తిగా పడుకొన్నచో పోవునా? తగ్గినట్లుండును గాని, పని లేని త్రాడు బలహీనమగును. లేచి పనికి పోగానే నొప్పి తిరిగి వచ్చును. కాబట్టి కొలత ప్రకారము దానిచేత బరువు మోయించుచు రావలెను.

2018లో ఆస్ట్రేలియాలో 204 మందిపై జరిగిన పరిశోధన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైనది. అది తుంటి ప్రక్కనుండు స్నాయుబంధనమును గురించినది. మనము చెప్పుకొనుదానికి పొరుగున ఉండునది. కూర్చుండుట, నిలుచుట ఎట్లో నేర్చుకొని వ్యాయామము చేసినవారిలో 8 వారములకు సుమారు 77 శాతము మంది మేలు కనుగొనిరి. స్టీరాయిడు సూది వేయించుకొన్నవారిలో 58 శాతము, ఊరక వేచియున్నవారిలో 29 శాతము మాత్రమే.

ఫిజియోథెరపిస్టు సలహాపై మేము నడచిన దారి ఇది. వంగు ఆసనములను కొంతకాలము ఆపితిమి. వెల్లకిల పరుండి, మోకాళ్ళు మడచి, మడమలు నేలకు అదిమి, నడుము పైకెత్తి 30 నుండి 45 సెకనులు నిలిపితిమి, ఇట్లు ఐదుసార్లు. కొన్ని వారములకు అదే ఒంటికాలితో. ఆ తరువాత చేత బరువు పట్టుకొని నెమ్మదిగా వంగి లేచుట, దినము విడిచి దినము. చేయునపుడు కొద్దిపాటి నొప్పి ఉన్నను భయము లేదు. మరునాటి ఉదయమునకు అది మునుపటికంటె హెచ్చినచో, ఒక మెట్టు దిగవలెను.

పనిలోను మార్పు చేసికొంటిమి. మెత్తని దిండు వేసిన ఎత్తుపీటపై కూర్చుండి, చాటను చిన్నబల్లపై పెట్టుకొంటిమి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేసితిమి. వెయ్యి బీడీలకు ఎక్కువ సేపు పట్టినది. కాని పని నిలువలేదు. ఇట్టి నొప్పి కుదుటపడుటకు మూడు నెలలు పట్టవచ్చును. కొందరికి ఆరు నెలలు, అంతకు పైనను పట్టును. నడుమ ఒకటి రెండుసార్లు తిరుగబెట్టినంత మాత్రమున చేసినదంతయు వ్యర్థమైనదని తలంపరాదు.

ఒక్కసారిగా తెగినట్లై తొడ నల్లగా కమిలినను, కాలు తిమ్మిరెక్కి బలము తగ్గినను, జ్వరముతో నొప్పి వచ్చినను, ఈ వ్యాయామములను నమ్ముకొని కూర్చుండరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను.

ఇక ఇంటివారికొక మనవి. ఈ నొప్పి కంటికి కనబడదు. అత్తయో, కోడలో, వదినయో కూర్చుండలేకున్నాననినపుడు ఆ మాట నమ్ముడు. నేల తుడుచుటకు, నీళ్ళ బిందె ఎత్తుటకు కొన్ని నెలలు ఇంకొక చేయి సాయపడవలెను. అది మగవారి చేయి అయినను తప్పులేదు. మందుతో సమానముగా అదియు పనిచేయును.

ఈ కొత్త సంవత్సరమున మన ఇండ్లలో నొప్పిని దాచుకొని కూర్చుండు ఆడవారు లేకుండుదురు గాక! అందరికిని శుభము.