నేరం చోక్‌దేనా?

చేపల తొట్టి ట్యూబులైటు వెలగకపోతే మనం ముందు చోక్‌నే అనుమానిస్తాం. ట్యూబు కొసలు మాత్రమే వెలిగి ఆగిపోతుంటే తప్పు ఎక్కువగా స్టార్టరుది. కొసలు నల్లబడితే ట్యూబుది. చాలాచోట్ల బోరునీళ్లలో ఉప్పు తక్కువేమీ కాదు, ఆ తుంపర ఆరి తెల్లపొర కడితే హోల్డరు పిన్నులూ చెడతాయి. ఇవన్నీ సరిగా ఉంటేనే చోక్ సంగతి చూడాలి. కొత్తదాని వాట్లు ట్యూబుకు సరిపోవాలి, ఫేజు తీగ స్విచ్చి దాటాకే చోక్‌లోకి వెళ్లాలి. ఎలక్ట్రానిక్ చోక్ వేస్తే స్టార్టరు తీసేసి, దానిమీది బొమ్మ ప్రకారమే తీగలు కలపాలి.

ఇంత తంటా ఎందుకు, ఎల్‌ఈడీ పెడితే పోలా అంటారా? సబబే. ఫ్లోరోసెంట్ ట్యూబుల తయారీని 2027 కల్లా ఆపాలని పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పంద దేశాలు 2023లో తీర్మానించాయి కూడా. కానీ స్టార్టరు పోయినందుకు ఫిట్టింగంతా పారేయడం దండగే. ఏది మార్చినా ముందు ప్లగ్గు పీకండి, ఎర్తు తీగ మరవకండి.